చిన్నాయన వాచీ అద్దం

మాది గుత్తి. అనంతపురం జిల్లా గుత్తి, కోట ఉండే గుత్తి, రైలు జంక్షన్ గుత్తి, ఎట్లా చెప్పినా "ఓ ఊటీనా" అంటారు ఈ హైదరాబాదోళ్ళు. మా చిన్నాయనకి బజార్లో వాచీ రిపేరు షాపు ఉండేది, షాపు అంటే ఒక అద్దాల డబ్బా, దాని వెనక స్టూలు మీద ఆయన, అంతే. హెచ్ఎంటీ వాచీలు బోర్లించి మూత తీసి, కుడికంటికి భూతద్దం ఉండే ఒక నల్ల గొట్టం బిగించుకోని చూస్తా ఉండేవాడు. చేత్తో పట్టుకునేది లేదు, కనుబొమ్మకీ చెంపకీ మధ్య అదట్లా నిలబడిపోయేది. ఎవరన్నా పలకరిస్తే ఆ గొట్టంతోనే తలెత్తి మాట్లాడేవాడు, చిన్నప్పుడు నాకది చూస్తే కొంచెం భయం కూడా. తర్వాత కొత్తది కొనుక్కోని, అంచు పగిలిన పాతది నాకిచ్చేసినాడు. "దీంతో ఎండలో కాగితాలు కాల్చినావంటే తోలు తీస్తా రేయ్" అని ఒక్కటే కండిషను. కాగితాలు కాల్చినా అనుకోండి, అది వేరే సంగతి.

ఆ అద్దానికి ఒక తిక్క ఉంది. వాచీ పళ్ళచక్రాలు చూసుకోడానికి చేసింది కదా, వస్తువు రెండు మూడంగుళాల దూరంలోకి వస్తేనే కనిపిస్తుంది, అంతకంటే కొంచెం ఎక్కువైతే అంతా మసక. అంటే పురుగుని చూడాలంటే మొహం తీస్కపోయి దాని మొహం మీద పెట్టాల. ఈగ ఊరుకుంటుందా, తూనీగ ఊరుకుంటుందా? మనం వంగేలోపే తుర్రుమంటాయి. అట్లా మొహం పెట్టినా కదలకుండా ఉండేవి రెండే రకాలు. ఒకటి, నేను నీకు కనపడటం లేదులే అని ధీమాగా ఉండేవి. రెండోది, కనపడితే ఏం పీకుతావురా అని ధీమాగా ఉండేవి. నా చిన్నప్పటి పురుగులన్నీ ఈ రెండు రకాల్లోవే, అద్దమే నాకు వాటిని ఏరి పెట్టింది అనుకోవచ్చు.

రెండో రకంలో ఫస్టు వచ్చేది ఆరుద్ర పురుగు, ఇంకేముంటుంది. ఆరుద్ర కార్తె జూన్ 22 అట్లా వస్తుంది, మా సీమలో అప్పటికి ఒక గట్టి వాన పడిందంటే అదే పెద్ద పండగ. వాన వెలిసిన పొద్దున చేలల్లోకి పోతే ఎర్రమట్టి మీద అంతకన్నా ఎర్రగా నడుస్తా ఉండేవి. అగ్గిపెట్టె ఖాళీ చేసి (ఖాళీ చేసినందుకు అమ్మ తిట్లు వేరే) అడుగున తడి ఇసక, రెండు గడ్డిపోచలు వేసి దాంట్లో పెట్టుకునేవాళ్ళం, గడ్డి తింటుందని మా నమ్మకం. అది గడ్డి తినే రకమే కాదని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. సంవత్సరమంతా భూమి లోపలే ఉండి, మొదటి వానలకి ఉసిళ్ళు లేస్తాయే, వాటిని తినడానికీ జత కలవడానికీ పైకొస్తుందంట, నాలుగు రోజులు తిరిగి మళ్ళీ లోపలికే. చూడ్డానికి మఖ్మల్ గుడ్డతో కుట్టినట్టు ఉంటుంది గానీ వేటగాడే.

అద్దంలో చూస్తే ఆ మఖ్మల్ అంతా వెంట్రుకలు, ఒక్కోటి విడివిడిగా కనిపించేది, మధ్యలో ఇసక రేణువు పడితే అది కూడా కనిపించేది. ముట్టుకుంటే కాళ్ళన్నీ లోపలికి ముడుచుకోని ఉండలాగ అయిపోతుంది కదా, అప్పుడు కాళ్ళు లెక్కపెట్టడం కష్టం, మళ్ళీ నడిచేదాకా ఆగాల. ఎనిమిది. పురుగుకి ఆరు కాళ్ళు అని సైన్సు పుస్తకంలో ఉంది, దీనికి ఎనిమిది. సారుని అడిగితే "నీకు లెక్కలు రావు" అన్నాడు. ఇది పురుగు కాదు, సాలీళ్ళ చుట్టం అని చెప్పేవాళ్ళు అప్పుడు మా చుట్టుపక్కల లేరు.

బంగారు పురుగు ఇంకో కథ. కొన్ని ఊళ్ళల్లో జీరంగి అంటారు. కోట కింద దొరల సమాధులు ఉన్నాయి, అప్పటి మద్రాసు గవర్నరు మన్రో దొర 1827లో పత్తికొండలో కలరాతో పోతే మొదట పూడ్చింది గుత్తిలోనే, తర్వాత మద్రాసుకి తీస్కపోయినారు, ఆ పక్కన తుమ్మచెట్లు ఉండేవి, వానాకాలం వస్తే ఆ చెట్లకి ఈ పురుగులు. మగపిల్లలందరికీ అప్పుడు అదే పని, జేబులో అగ్గిపెట్టె, అగ్గిపెట్టెలో తుమ్మాకు, ఆకులో బంగారు పురుగు. గుడ్లు పెడితే గొప్ప, క్లాసంతా తిప్పి చూపించేవాళ్ళు. కొంతమంది మెడకి దారం కట్టి ఎగరేసేవాళ్ళు, నేను కూడా ఎగరేసినవాణ్ణే.

దాని రెక్క మీద అద్దం పెడితే నున్నగా ఉందనుకున్నది నున్నగా లేదు, నిండా చిన్న చిన్న గుంటలు, గుంట అడుగున ఒక రంగు, అంచున ఒక రంగు, తల కొంచెం అటిటు తిప్పితే పచ్చది బంగారం అయ్యేది, బంగారం మళ్ళీ పచ్చ. అది పూసిన రంగు కాదు. రెక్క పైన పొరల మీద పొరలు ఉంటాయి, వెలుతురు వాటి మధ్య కొట్టుకోని ఆ రంగు పుడుతుంది. అందుకే పురుగు చచ్చినా రంగు చావదు. పాత రోజుల్లో మన దేశంలో ఈ రెక్కలతో మస్లిన్ బట్టల మీద ఎంబ్రాయిడరీ చేసి ఇంగ్లండుకి పంపేవాళ్ళు. 1888లో ఎలెన్ టెర్రీ అనే నటి లండన్ స్టేజి మీద ఒక పచ్చ డ్రస్సు వేసుకుంది, దాని మీద దాదాపు వెయ్యి పురుగు రెక్కలు కుట్టినారు, ఆ డ్రస్సు ఇప్పటికీ ఉంది, ఇప్పటికీ మెరుస్తుంది. ఈ సంగతి చదివినప్పుడు నాకు మా క్లాసులో అగ్గిపెట్టెలే గుర్తొచ్చినాయి, వాళ్ళకి వెయ్యి, మాకు ఒక్కటి దొరికితే దసరా.

జిల్లేడు చెట్టు మీద మిడత గురించి చెప్పకపోతే దానికి అన్యాయం చేసినట్టు. పసుపు, నీలం చారలు, పెయింటు డబ్బాలో పడి లేచినట్టు. అది ఎగిరిపోదు, పట్టుకుంటే పట్టుకో అంటుంది. జిల్లేడు పాలల్లో విషం ఉంటుంది కదా, ఆ ఆకు తిని ఆ విషాన్ని ఒంట్లో దాచిపెట్టుకుంటుంది. పిల్ల మిడతనైతే నొక్కితే చిర్రుమని నీళ్ళు చిమ్ముతుంది, చిన్నాయన అద్దానికి అంచున ఒక మచ్చ ఉండింది, అది దీని పుణ్యమే.

ఇవన్నీ ఊరందరికీ తెలిసిన పురుగులు. మొదటి రకం వేరే, కనపడనివి. వాటిని చూపించింది మా జేజి (నాయనమ్మ), అది కూడా చూపించాలని కాదు, కరివేపాకు కోసం.

మా ఇంటెనక కరివేపాకు చెట్టు ఉండేది, తిరగవాత పెట్టే టైముకి "రేయ్ రెండు రెమ్మలు తుంచకరా పో" అని అరిచేది. తెచ్చిస్తే కడిగేముందు ఆకు ఆకు తిప్పి చూసేది. ఒకరోజు "పిట్ట రెట్ట ఉండే రెమ్మ తెచ్చినావు కదరా" అని పక్కన పడేసింది. నిజమే, నల్లగా, మధ్యలో తెల్లగా, తడిగా మెరుస్తా. నేను దాన్ని చూస్తా ఉంటే అది రెండు అడుగులు నడిచింది. నాకు వచ్చిన నవ్వు అంతా ఇంతా కాదు, "జేజీ రెట్ట నడుస్తాంది" అని అరిస్తే ఆమె మాత్రం నిదానంగా "సీతాకోకచిలక పిల్ల అది, చెట్టు మీద పెట్టు పో" అనింది. ఆమెకి మొదట్నించీ తెలుసు! చెట్టు దగ్గరికి పోయి అద్దం పెట్టి చూస్తే రెట్టలే రెట్టలు, సగానికి పైగా నడిచే రెట్టలు.

అది పెరిగే కొద్దీ ఇంకో వేషం. ఇంక రెట్ట సైజు దాటిపోయినాక రెట్ట వేషం నప్పదు కదా, చివరిసారి చర్మం విడిచి ఆకుపచ్చగా తయారవుతుంది, ఆకు మీద ఆకే. తలకి కొంచెం వెనకాల రెండు దొంగ కళ్ళు. అసలు తల కింద ఎక్కడో చిన్నగా ఉంటుంది, మనల్ని చూసేది ఆ దొంగ కళ్ళు. గడ్డిపరకతో కదిలిస్తే ఎక్కణ్ణించో రెండు ఎర్ర కొమ్ములు బయటికొచ్చేవి, దాంతోపాటు ఒక వాసన, కరివేపాకు కుళ్ళితే వచ్చేలాంటిది, కంటికి అద్దం పెట్టుకోని అంత దగ్గరగా ఉంటే ముక్కు ఎక్కడికి పోతుంది. క్షణంలో మళ్ళీ కొమ్ములు లోపలికి.

గూడు కట్టేటప్పుడు చూడాల ఇంకా. పచ్చకొమ్మకి కట్టుకున్నది పచ్చగా ఉంది, పక్కన బట్టలారేసే గుంజకి కట్టుకున్నది గోధుమ రంగులో ఎండుపుల్ల విరిగిన ముక్కలాగ ఉంది, రెండూ ఒకే చెట్టు పిల్లలే. ఎక్కడ కూర్చుంటే ఆ రంగు. నడుముకి చుట్టూ ఒక్క సన్న దారం, టెలిఫోన్ స్తంభం ఎక్కేవాళ్ళు బెల్టు కట్టుకుంటారే అట్లా వెనక్కి వాలి ఉండేది.

ఆ కరివేపాకు చెట్టు నుంచి వచ్చే నల్ల సీతాకోకచిలకల్లో ఆడవాటిది ఇంకా పెద్ద నాటకం. మగది నల్లగా, రెక్క మీద తెల్ల చుక్కల వరస. ఆడవి కొన్ని మగదాని లాగే ఉంటాయి, కొన్నేమో అచ్చం వేరే జాతి సీతాకోకచిలకలాగ, ఎర్ర మచ్చలతో. ఆ వేరే జాతి ఏదంటే గాడిదగడపాకు తిని పెరిగేది, ఒంట్లో విషం, పిట్టలు ముట్టుకోవు. ఇది దాని గుడ్డలు అరువు తెచ్చుకోని తిరుగుతుంది. వాలెస్ అనే ఆయన 1865లోనే ఈ ఆడ వేషాల గురించి రాసినాడు. 2014లో బెంగుళూరు జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో ఉండే కృష్ణమేఘ్ కుంటే గారు, ఇంకొందరు కలిసి, ఒక్క జన్యువు, డబుల్‌సెక్స్ అని దాని పేరు, ఆ మొత్తం వేషాన్ని నడిపిస్తుందని చూపించినారు. మా చెట్టు మీద ఎర్ర మచ్చలవి వాలితే మేం "రాణి" అనేవాళ్ళం. రాణీ కాదు ఏం కాదు, మారువేషంలో ఉన్న మామూలు కరివేపాకు పిల్ల.

తుమ్మచెట్టుకి మళ్ళీ వస్తా, ఎందుకంటే బంగారు పురుగుల కోసం పోయే ఆ చెట్టుకే కనపడనివి కూడా అన్ని ఉండేవి. కొమ్మ మీద ముళ్ళు, వాటి మధ్య నల్ల చీమలు హడావిడిగా. ముల్లు దగ్గర చీమకేం పని అని అద్దం పెడితే ఆ ముల్లుకి కళ్ళున్నాయి. ముల్లు ఆకారంలో ఉండే పురుగు, కొమ్మ రసం తాగి తియ్యటి నీళ్ళు వదులుతుంది, చీమలు అవి తాగి కాపలా కాస్తాయి. ఇంకోటి పుల్లల మూట. సన్న పుల్లలు అన్నీ ఒకే కొలతకి కొరికి నిలువుగా వరసగా పేర్చి పట్టుదారంతో కట్టి, దాంట్లో దూరి మూటతో సహా నడిచే పురుగు. దాంట్లో ఆడదానికి రెక్కలే రావు, బతుకంతా ఆ మూటలోనే. చిన్నాయన దాన్ని చూసి, వాచీ చూసినట్టే గొట్టం పెట్టి చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "ఈ ఫిట్టింగు చేసినోడు నాకు దొరికితే జీతం ఇచ్చి పెట్టుకుంటా" అన్నాడు. ఆయన నోట్లోంచి మెచ్చుకోలు రావడం నేను విన్నది తక్కువ.

సాలీళ్ళ జోలికి జేజి పోనిచ్చేది కాదు. శ్రీకాళహస్తిలో శ్రీ అంటే సాలెపురుగే, శివుడికి గూడు కట్టి మోక్షం పొందింది, దాన్ని చంపితే పాపం అని ఆమె లెక్క. జామచెట్టుకీ ప్రహరీకీ మధ్య ఒకటి గూడు కట్టి, మధ్యలో తెల్లదారంతో గుణకారం గుర్తు వేసి, ఎనిమిది కాళ్ళు జతలు జతలుగా కలిపి సరిగ్గా ఆ గుర్తు మీదే కూర్చునేది. "ముగ్గేసింది చూడు, మీ అమ్మ కంటే నయం" అనేది జేజి, అమ్మకి వినపడేటట్టు. ఆ ముగ్గు ఎందుకేస్తుంది అని ఇప్పటికీ సైంటిస్టులు కొట్టుకుంటానే ఉన్నారు, పురుగుల్ని పిలవడానికి అని ఒకరు, పిట్టలు గూడు తెంపకుండా అని ఒకరు. వేలు పెట్టబోతే గూడంతా పట్టి ఊపేసేది, సాలీడు రెండుగా మూడుగా కనిపించేది, అద్దంలో చూస్తే తల తిరిగిపోయేది.

తంగేడు పూలల్లో పసుపు సాలీడు ఉంటుంది, దానికి గూడు లేదు, పూవులోనే కాచుకోని తేనెటీగని పట్టుకుంటుంది. తెల్లపూల మీదికి మారితే కొన్ని రోజుల్లో తెల్లబడుతుంది కూడా. వేపచెట్టు మాను మీద ఇంకొకటి, దాన్ని నేను చిన్నప్పుడు ఒక్కసారి కూడా కళ్ళతో వెతికి పట్టుకోలేదు, చెయ్యి ఆనిస్తే బెరడులో ఒక ముక్క లేచి పక్కకి జరిగేది. తల కిందికి పెట్టి, బెరడుకి అతుక్కోని, వెనకాల రెండు పొడుగు తోకలు. చీమ దొరికితే దాని చుట్టూ గిరగిరా తిరిగి దారం చుట్టేస్తుంది, ఎంత స్పీడు అంటే అద్దంలో చూసేవాడికి ఒక సున్నా మాత్రమే కనిపిస్తుంది.

ఆ తర్వాత చదువులు, పెళ్ళి, బెంగుళూరు. అద్దం ఎక్కడో పోయింది, ఇల్లు మారినప్పుడల్లా ఏదో ఒకటి పోతుంది కదా. లాక్‌డౌన్ టైములో ఆన్‌లైన్‌లో ఫోనుకి తగిలించుకునే చిన్న క్లిప్ లెన్సు ఒకటి కొన్నా, మూడొందలో నాలుగొందలో. దానికీ అదే తిక్క! రెండంగుళాల్లోకి పోతేనే ఫోకస్సు. నాకు ప్రాణం లేచొచ్చింది. అపార్ట్‌మెంట్ వెనక మామిడిచెట్టు ఉంది, ఆకులు కుట్టుకోని గూడు కట్టే ఎర్రచీమలు దాని నిండా. వాటికి ఫోటోలు తీస్తా ఉంటే ఒక చీమ మాత్రం వేరేగా నడుస్తాంది, మిగతావాటితో కలవకుండా అంచులంట. జూమ్ చేస్తే కళ్ళు ఎనిమిది, ముందు రెండు పెద్దవి. ముందుకాళ్ళు రెండూ పైకెత్తి మీసాల్లాగ ఆడిస్తాంది. సాలీడు! నడుము దగ్గర సన్నగా నొక్కుకోని, రంగు కూడా అదే ఎరుపు, చీమలాగ ఉంటే ఆ చీమల జోలికి రావడానికి భయపడే పిట్టలు, కందిరీగలు దీన్నీ వదిలేస్తాయి. కొమ్మ కదిలించినా, అప్పుడు దొరికిపోయింది, దారం వదిలి కిందికి జారింది. చీమ ఎక్కడన్నా దారం వదుల్తుందా.

అట్లా సాలీళ్ళ పేర్ల కోసం నెట్‌లో వెతుకుతా ఉంటే ఒకరోజు మా ఊరి పేరు కనిపించింది. గుత్తి సఫైర్. నేను మొదట ఏదో నగల షాపు అనుకున్నా. ఫోటో చూస్తే సాలీడు, అరచెయ్యంత, నీలం. ఆకాశం నీలం కాదు, బట్టలకి పెట్టే నీలం కాదు, కరెంటు మంట నీలం, కాళ్ళ మీద పసుపు. పోయెసిలోథీరియా మెటాలికా. 1899లో పోకాక్ అనే ఇంగ్లీషాయన దీని గురించి మొదటిసారి రాసినాడు, దొరికింది గుత్తి రైల్వే కట్టెల యార్డులో. మా రైల్వే! తర్వాత వందేళ్ళు పత్తా లేదు. 2001లో మళ్ళీ కనిపించింది, గుత్తిలో కాదు, నంద్యాలకీ గిద్దలూరుకీ మధ్య అడవిలో, గుత్తికి దాదాపు నూరు కిలోమీటర్లు. అంటే అప్పట్లో ఆ అడవి కట్టెల్లో పడి రైలెక్కి మా ఊరొచ్చి ఉంటుందని అందరి అంచనా. టికెట్ లేకుండా గుత్తిలో దిగి ఊరి పేరు కొట్టేసింది.

ఉన్నట్టు అప్పటికి తెలిసింది ఆ ఒక్క అడవి ముక్కలోనే, నూరు చదరపు కిలోమీటర్లు కూడా లేదు. పాత చెట్ల తొర్రల్లో ఉంటుంది, చీకటి పడితేనే బయటికి. కట్టెల కోసం ఆ చెట్లు కొట్టేస్తే దానికి ఇంకో ఊరు లేదు, 2008లోనే ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ దాన్ని అంతరించిపోయే అంచున ఉన్న లిస్టులో పెట్టింది. ఇంకో విడ్డూరం, యూరోపులో అమెరికాలో దీన్ని గాజు డబ్బాల్లో పెంచుకుంటారు, పిల్లల్ని పెట్టించి అమ్ముకుంటారు, వాళ్ళ నోళ్ళల్లో "గూటీ గూటీ" అని మా ఊరి పేరు. గుత్తిలో అడిగితే ఒక్కడికి తెలీదు. ఆ నీలం కూడా పూసిన రంగు కాదంట, వెంట్రుకల లోపలి అమరికతో వెలుతురు చేసే పని, అంటే మా బంగారు పురుగు కథే.

పోయినసారి గుంటూరు పోయేటప్పుడు నంద్యాల దాటినాక కిటికీ పక్కకి మారినా. గాజులపల్లి, చలమ, బొగడ సొరంగం, దిగువమెట్ట, అంతా అడవే. పగటిపూట రైల్లోంచి ఏం కనిపిస్తుంది, తొర్రలో నిద్రపోతా ఉంటుంది అది. పక్కన కూర్చున్నాయన "ఏం చూస్తాండారప్పా" అని అడిగితే నీలం సాలీడు అని చెప్పినా, ఆయన మర్యాదగా తల ఊపి ఫోన్ చూసుకున్నాడు.

గుత్తికి పోయినప్పుడు చిన్నాయనకీ అత్తకీ ఫోటో చూపించినా. చిన్నాయన ఫోను కంటికి ఆనించుకోని, గొట్టం లేకుండానే ఒక కన్ను మూసి, చాలాసేపు చూసినాడు. "కాలి కీళ్ళు చూడు, ఎంత బాగా కూర్చున్నాయో" అన్నాడు. అత్త మాత్రం ఒక్క చూపు చూసి ఫోను వెనక్కిచ్చేసింది.

"ఇది మన గుత్తిలో దొరికిందంట అత్తా, నువ్వు చిన్నప్పుడు చూసినావా?"

"యాడ చూసినాం నాయనా. మీ జేజికి కనపడింటే కాళహస్తి అని దండం పెట్టిండేది. నాకు కనపడింటే పొరక తిరగేసి కొట్టిందును."